క్షమాపణల రిజిస్టరు

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటున్నాను. పాతికేళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. ముందే ఒప్పుకుంటే ఎంక్వయిరీ రెండు పేజీల్లో తేలిపోతుంది, ఒప్పుకోకపోతే రెండేళ్ళు సాగుతుంది.

నేను మా ఊరి ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో సూపరింటెండెంటును. నాకు సంగీతం రాదు. రావాలని రూలేమీ లేదు. మా ప్రిన్సిపాల్ రాజ్యవర్ధనరావు గారికీ రాదు. ఆయన మత్స్యశాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చారు. ఎకరం చెరువులో ఎన్ని చేపపిల్లలు వెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. వర్ణం అంటే మాత్రం మొదటి ఆరు నెలలూ గోడలకు వేసే రంగు గురించే అనుకుని ఎస్టిమేట్లు అడిగారు.

సంగీతం వచ్చినవాళ్ళలో గిటార్ మాస్టారు దేవసహాయం గారు ఒకరు. ఆయనకు అరవై దగ్గరపడ్డాయి. ఒక్క సంగతి, అంటే పాటలో ఒక మెలిక, పిల్లలకు పట్టుబడాలంటే నెమ్మదిగా నలభైసార్లు వాయించి చూపించాలి. నలభైసార్లూ ఒకేలా వాయించాలి. ఆయన భుజం ముప్పయ్యోసారికి మొరాయిస్తోంది. అందుకని మూడేళ్ళ క్రితం ఒక అర్జీ పెట్టారు, కాలితో నొక్కే పెడల్ ఒకటి ఇప్పించమని. మూడేళ్ళకు వచ్చింది. మా డిపార్ట్‌మెంటులో అది వాయువేగం కిందే లెక్క.

అది ఇటుకంత నల్లటి పెట్టె. పైన రబ్బరు తొడుగు, రెండు మీటలు. అందులో మాస్టారి వాయిద్యం రికార్డు చేసి ఉంచుతారు, దానికి తగిలించిన స్పీకరులోంచి వినబడుతుంది. ఎడమ మీట తొక్కితే పాట సగం వేగానికి దిగుతుంది, శ్రుతి మాత్రం మారదు. కుడి మీట ఒకసారి తొక్కితే ‘ఇక్కణ్ణుంచి’ అని, రెండోసారి తొక్కితే ‘ఇక్కడిదాకా’ అని. ఇక ఆ ముక్క ఎవరో ఒకరు మళ్ళీ తొక్కేదాకా తిరుగుతూనే ఉంటుంది. రెండు చేతులూ గిటార్ మీద ఉంటాయి కాబట్టి కాలికి పని చెప్పారన్నమాట. కనిపెట్టినవాడెవడో గానీ వాడికి దండం పెట్టొచ్చు.

పెడల్ అందరికన్నా ఎక్కువ అవసరమైంది సూర్యకళకు. పాతికేళ్ళ పిల్ల. పొద్దున్న నుంచి మూడింటి దాకా రొయ్యల కంపెనీలో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు ఒలుస్తుంది. నాలుగున్నరకు మా కాలేజీకి వస్తుంది. కొంకర్లు పోయిన వేళ్ళను టీ గ్లాసు చుట్టూ పెట్టి కాసేపు కాచుకుని అప్పుడు గిటార్ పడుతుంది. ఆమెకు గురుకుల పాఠశాలలో సంగీతం టీచరు పోస్టు వచ్చింది. రావడమంటే దాదాపు వచ్చినట్టే. మా కాలేజీ సర్టిఫికెట్ డిసెంబరు అయిదో తారీఖులోగా చూపించాలి. చూపించకపోతే ఆ పోస్టు లిస్టులో తర్వాతి పేరుకు పోతుంది. మా ప్రాక్టికల్ పరీక్ష నవంబరు ఇరవై ఎనిమిదిన. మోహన రాగంలో వర్ణం మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, వాయించాలి. ఆ వర్ణం చివర్లో చిట్టస్వరమని, వరసగా స్వరాలే దొర్లే ముక్క ఒకటి ఉంది, మూడో కాలంలో దాని దగ్గర ఆమె చెయ్యి ప్రతిసారీ తడబడుతోంది.

“సార్, ఆ పెడలు ఎప్పుడిత్తారండీ?” అని రోజూ నా టేబుల్ దగ్గరికొచ్చి అడిగేది. “ఇంకోసారి రొయ్యల సీజను చెయ్యాలంటే నా వేళ్ళు మిగలవండి.”

ఏ వస్తువైనా రిజిస్టరులో ఎక్కితేనే వాడుకోవాలి. దీన్ని విద్యుత్ పరికరాల రిజిస్టరులో ఎక్కించాలంటే విద్యుత్ విభాగం వాళ్ళొచ్చి తనిఖీ చేసి సర్టిఫై చెయ్యాలి. మా సీలింగ్ ఫ్యాన్లకు ఆ సర్టిఫికెట్ నాలుగేళ్ళకు వచ్చింది. ఈలోగా రెండు ఫ్యాన్లు కాలం చేశాయి. పిల్ల ముఖం చూసి నాకు మనసొప్పలేదు. వాద్యాల రిజిస్టరు తీసి, వీణలకూ మృదంగాలకూ కింద, ‘పెడల్ - ఒకటి’ అని రాసేశాను. సాయంత్రానికి అది సూర్యకళ కాలికిందికి వచ్చింది.

నా తప్పు అదే. దయతో చేసిన తప్పు, అందుకే అంత దూరం వెళ్ళింది.

పన్నెండు రోజులు బ్రహ్మాండంగా సాగింది. కాలితో నొక్కుతుంది, నెమ్మదిగా వింటుంది, వాయిస్తుంది, మళ్ళీ వింటుంది. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి భుజానికి బామ్ రాసుకుంటూ “ఇంకొంచెం వేగం పెంచమ్మా” అనేవారు. మొదటి కాలం, రెండో కాలం కుదిరిపోయాయి.

అప్పుడు దసరా వచ్చింది. మూలా నక్షత్రం రోజున మా కాలేజీలో సరస్వతీ పూజ. వాద్యాలన్నీ పీట మీద పెట్టాలి. ఏవేవి పెట్టాలో అటెండరు గంగరాజుకు వాద్యాల రిజిస్టరు చూసే చెప్పాలి, ఆ ముందు ఏడాది ఒక తంబురా మర్చిపోయి మెమో తిన్నాడు మరి. గంగరాజు వరస తప్పకుండా అన్నీ పెట్టాడు. పూజారి గారు అన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టారు. పెడల్‌కు ఎడమ మీట మీద ఒకటి, కుడి మీట మీద ఒకటి, చక్కగా రెండు కుంకుమ బొట్లు.

సెలవుల తర్వాత తెరిచిన రోజు సాయంత్రం ప్రిన్సిపాల్ గారు రౌండ్స్‌కు వచ్చారు, వెనకే నేను. గిటార్ క్లాసు గుమ్మంలో ఆగిపోయారు. కుంకుమ బొట్టు మీద సూర్యకళ కాలు ఉంది.

“ఆపు!” అని అరిచారు. ఆ అరుపుకు పక్క గదిలో మృదంగం కూడా ఆగింది. “ఏంటమ్మా అది? వాద్యం మీద కాలా? పుస్తకానికి పొరపాటున కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటామే! నువ్వు పట్టపగలు, పదిమంది ముందు, తాళం వేసి మరీ తొక్కుతున్నావా?”

“అది తొక్కితేనే పన్జేత్తదండీ,” అంది సూర్యకళ.

“సార్, అది కాలి కోసమే తయారైన వస్తువు,” అన్నారు మాస్టారు.

“తయారుచేసినవాడి ఉద్దేశం మనకు అనవసరం దేవసహాయం గారూ. రిజిస్టరు ఏమంటోందన్నదే ముఖ్యం. సూపరింటెండెంటు గారూ, రిజిస్టరు ఏమంటోంది?”

రాసినవాణ్ణి నేనే, ఒప్పుకున్నాను. “వాద్యమనే అంటోంది సార్.”

మర్నాడు మెమో వచ్చింది. రాసింది నేనే, సంతకం ఆయనది. ‘ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, పూజార్హత పొందిన వాద్యమును పాదముతో స్పృశించుట సంస్కృతికి విరుద్ధము. కావున సదరు పెడల్‌ను ఎత్తయిన స్టూలుపై ఉంచి, హస్తముతో మాత్రమే నొక్కవలెను.’

హస్తం ఎక్కడుంది? ఉన్న రెండూ గిటార్ మీద ఉన్నాయి. ఆ సంగతి మనవి చేస్తే ప్రిన్సిపాల్ గారు ఆలోచించి, గంగరాజు హస్తాన్ని కేటాయించారు. రోజూ నాలుగున్నర నుంచి ఆరు దాకా గంగరాజు స్టూలు పక్కన నిలబడి, సూర్యకళ తల ఊపినప్పుడు మీట నొక్కాలి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, గంగరాజు నిజాయితీగా నొక్కాడు. కాకపోతే రెండో రోజుకే అతనికి సంగీతాభిరుచి కలిగింది. తనకు నచ్చిన చోట నొక్కడం మొదలుపెట్టాడు.

“గంగరాజన్నా, నాకు ఆ ముక్క వచ్చేసింది. చిట్టస్వరం పెట్టండి.”

“ఆయ్, ఇంకోపాలి ఇందావమ్మా. ఈ ముక్క ఎంత హాయిగా ఉందో! దింపుడు చూశావా దింపుడు?”

నాలుగో రోజు ఒక ముక్క తిప్పుతూ మధ్యలో టీకి వెళ్ళాడు. టీ కొట్టు దగ్గర బావమరిది కలిశాడు. తిరిగొచ్చేదాకా నలభై నిమిషాలు ఆ ఒక్క ముక్కే తిరిగింది. గంగరాజు హస్తాన్ని మాత్రమే కేటాయించారు కాబట్టి ఇంకెవరూ నొక్కడానికి సాహసించలేదు. ఆ వారంలోనే అటెండర్ల సంఘం వాళ్ళు, మీట నొక్కుట మా విధుల్లో లేదని కాగితం ఇచ్చారు. దాంతో ఫైలు డైరెక్టరేటుకు వెళ్ళింది. పరీక్షకు నెల కూడా లేదు.

సూర్యకళ నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడింది. వేళ్ళు నులుముకుంటూ నిలబడింది అంతే. నాకు ఒళ్ళు మండింది, నామీద నాకే.

మామూలుగా డైరెక్టరేటు నుంచి జవాబు రావడానికి ఏడాది పడుతుంది. సంస్కృతి అన్న మాట ఉండడం వల్ల కాబోలు, వారంలో ముగ్గురు సభ్యుల సంఘమే దిగింది. పేరు ‘పాద వాద్య సంపర్క పరిశీలనా సంఘం’. ఉదయం పెసరట్టు ఉప్మా, మధ్యాహ్నం కాజాలు పరిశీలించాక, సాయంత్రం పెడల్‌ను పరిశీలించారు. అధ్యక్షులవారు కళ్ళద్దాలు సవరించుకుని, దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు.

“విషయం చాలా సున్నితమైనది,” అన్నారు. “పురోగతినీ కాదనలేం, సంప్రదాయాన్నీ వదులుకోలేం. ఉభయతారకమైన ఒక మధ్యేమార్గాన్ని మేం సమగ్ర దృక్పథంతో అన్వేషించాం.”

ఆ మధ్యేమార్గం ఏమిటంటే, కాలితో తొక్కవచ్చు. కానీ తొక్కిన ప్రతిసారీ, వెంటనే వంగి, కుడిచేత్తో పెడల్‌ను తాకి కళ్ళకద్దుకోవాలి. అద్దుకున్నట్టు సాక్ష్యం ఉండాలి. అందుకోసం ఒక రిజిస్టరు తెరవాలి, అందులో తొక్కిన సమయం, ఏ కాలు, క్షమాపణ తృప్తికరంగా జరిగిందా లేదా అన్నవి నమోదు కావాలి. రాసే బాధ్యత గంగరాజుది. రాయడం అతని విధుల్లో ఉందట, నొక్కడమే లేదట.

డాన్సు టీచరు శ్యామలాంబ గారు ఇదంతా గుమ్మంలో నిలబడి విన్నారు. ఆవిడకు సూర్యకళ అంటే ప్రాణం. ఉండబట్టలేక లోపలికొచ్చారు.

“అయ్యా, చిన్న మనవి. మా గజ్జెలు కూడా పీట మీద పెట్టి పూజ చేశారు. అవీ వాద్యాల రిజిస్టరులోనే ఉన్నాయి. మరి వాటిని కాళ్ళకే కదండీ కట్టుకుంటాం? కట్టుకునే ముందు ఒక్కసారి కళ్ళకద్దుకుంటే సరిపోతుంది. ఈ పిల్లనీ అలాగే ఒక్కసారి అద్దుకోమనండి, గొడవొదిలిపోద్ది.”

సభ్యులు ముగ్గురూ ఎంత చక్కగా తలలూపారంటే, పని అయిపోయిందని నేను సంతోషించాను. అధ్యక్షులవారు శ్యామలాంబ గారి వైపు ఆప్యాయంగా చూశారు.

“చాలా ముఖ్యమైన అంశాన్ని మా దృష్టికి తెచ్చారమ్మా. ఇన్నేళ్ళుగా జరుగుతున్న ఇంత పెద్ద అపచారం ఎవరూ గమనించనే లేదు.”

సోమవారం నుంచి మా కాలేజీలో గజ్జెలు చేతులకు కట్టుకుంటున్నారు. కాళ్ళు చప్పుడు లేకుండా తకధిమి వేస్తాయి, చేతులు పైన ఘల్లుమంటాయి. ‘కృష్ణుడు వెన్న దొంగిలించుట’ అభినయంలో కృష్ణుడు ఉట్టి మీద చెయ్యి పెట్టగానే ఊరంతా వినబడుతోంది. “నా నోరు పడిపోను!” అని శ్యామలాంబ గారు రోజూ అనుకుంటున్నారు.

ఇక గిటార్ క్లాసు చూడాలి. సూర్యకళ కాలితో నొక్కుతుంది. గిటార్ పక్కన పెడుతుంది, వంగుతుంది, అద్దుకుంటుంది, గిటార్ ఎత్తుకుంటుంది. అప్పటికి ‘ఇక్కడిదాకా’ అని తొక్కాల్సిన చోటు దాటిపోతుంది. మళ్ళీ నొక్కాలి. నొక్కితే మళ్ళీ వంగాలి.

“నూట నలభై మూడు,” అన్నాడు గంగరాజు మొదటిరోజు సాయంత్రం రిజిస్టరు మూస్తూ. “నూట ముప్పై తొమ్మిది తృప్తికరం. నాలుగు మాత్రం కంగారుగా అద్దుకున్నావమ్మా, అలా రాశాను, ఏమనుకోకు.”

“వాయించింది ఎన్నిసార్లు?” అని అడిగాను.

“దానికి గడి లేదండి.”

సూర్యకళ గోడకు చేరగిలబడింది. “నడుం ఇరిగిపోతందండీ సార్. గిటారు నేర్చుకుంటన్నానో నాట్లేత్తన్నానో తెలవట్లేదు.” నవ్వబోయింది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఇంక పదిహేడు రోజులేనండి. ఆ ముక్క రాదండి నాకు. రొయ్యలే రాసిపెట్టున్నాయి.”

మాస్టారు భుజానికి బామ్ రాసుకుని, గిటార్ అందుకుని తనే వాయించి చూపించడం మొదలుపెట్టారు. ఇరవై రెండోసారికి ఆయన చెయ్యి ఇక లేవలేదు. ఆ రోజు నేను ఇంటికెళ్ళి అన్నం సరిగ్గా తినలేదు. ఎవరు చేశారీ పని? నేను. ఎక్కడ చేశాను? రిజిస్టరులో. అయితే విరుగుడు కూడా అందులోనే ఉండి తీరాలి.

మర్నాడు పొద్దున్నే స్టాకు రిజిస్టర్లన్నీ ముందేసుకుని కూర్చున్నాను. పదకొండింటికి దొరికింది. ఒక నోటు తయారుచేసి ప్రిన్సిపాల్ గారి ముందు పెట్టాను.

‘సదరు వస్తువు నేలపై ఉంచబడునది. పైభాగమున రబ్బరు కలది. పాదముతో తొక్కబడుటయే దాని ఏకైక ప్రయోజనము. దానంతట అది ఏ నాదమునూ పుట్టించజాలదు. కావున వాద్యముల వర్గము నుండి తొలగించి, తగిన వర్గమునకు, అనగా డోర్‌మ్యాట్ల వర్గమునకు మార్చుటకు అనుమతి కోరడమైనది.’

ఆయన మూడుసార్లు చదివారు. నోటులో తప్పు దొరకలేదు. తప్పు దొరకని కాగితం మీద సంతకం పెట్టకుండా ఉండడం ఆయనకు చేతకాదు, ఆయన మంచి అధికారి.

“అంటే ఇకమీదట తొక్కవచ్చా?”

“డోర్‌మ్యాట్‌ను తొక్కకపోతేనే తప్పు సార్.”

“క్షమాపణ?”

“డోర్‌మ్యాట్‌కు ఎవరూ చెప్పరు కదా సార్.”

పెన్ను తీశారు. మళ్ళీ ఆగారు. “మరి మనం దసరాకు డోర్‌మ్యాట్‌కు పూజ చేసినట్టవుతుందేమోనయ్యా?”

“పూజ నాటికి అది వాద్యమే సార్. ఈ ఉత్తర్వు ఇవాళ్టి నుంచే అమల్లోకి వస్తుంది.”

ఎంత పెద్ద ఊపిరి పీల్చుకున్నారో. సంతకం పెట్టేశారు.

ఒక్క విషయం ఇద్దరమూ చూసుకోలేదు. డోర్‌మ్యాట్ల రిజిస్టరులో ప్రతి కాళ్ళపట్టా పక్కనా అది ఏ గుమ్మంలో ఉండాలో రాసి ఉంటుంది. ఖాళీగా ఉన్న గుమ్మం ఒక్కటే, ప్రిన్సిపాల్ గారిది. ఆయన పాత పట్టా వానాకాలంలో ఎలకలు కొరికేశాయి. కేటాయించిన గుమ్మం నుంచి పట్టాను కదపాలంటే డైరెక్టరేటు అనుమతి కావాలి. ఇటుకంత మందం పట్టా గుమ్మంలో ఉంటే తలుపు మూసుకోదు.

అలా సూర్యకళ స్టూలు వేసుకుని ప్రిన్సిపాల్ గారి గుమ్మంలో కూర్చుంది. స్పీకరు కారిడార్‌లో పట్టక ఆయన గదిలోకే తిరిగింది. రికార్డింగులో దేవసహాయం మాస్టారు స్వరం పాడుతూ వాయించారు. నాలుగున్నర నుంచి ఆరు దాకా, సగం వేగంలో, ఆ చిట్టస్వరం మొదలైంది. గపదస దపగరి గపదప గరిసరి. మళ్ళీ గపదస.

మొదటిరోజు ప్రిన్సిపాల్ గారు చెవుల్లో దూది పెట్టుకున్నారు. మూడో రోజు ఆ పట్టా కదిపించమని డైరెక్టరేటుకు లేఖ రాయించారు. ఆరో రోజు, చేపల మేత కంపెనీ నుంచి వచ్చిన పాత మిత్రుడితో మాట్లాడుతూ, మాటల మధ్యలో వేళ్ళతో టేబుల్ మీద ఏదో కొట్టారు. పదో రోజు నేను ఫైలు పట్టుకెళ్తే, సంతకం పెడుతూ గొంతులో సన్నగా ఏదో గొణుగుతున్నారు. నన్ను చూసి దగ్గినట్టు నటించారు. ఇటు సూర్యకళ చెయ్యి రోజురోజుకూ తేలికపడింది. వేగం కొంచెం కొంచెం పెంచుకుంటూ వచ్చింది. పరీక్ష ముందురోజు మూడో కాలం వాయించి, పెడల్ ఆపి, మావైపు చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

పరీక్ష ప్రిన్సిపాల్ గారి గదిలోనే పెట్టారు. ఎగ్జామినరు వేరే ఊరి నుంచి వచ్చిన వీణ విద్వాంసురాలు, ముఖంలో నవ్వన్నది లేదు. ఆ రోజు రొయ్యల లారీ ఆలస్యమై సూర్యకళను నాలుగు దాకా వదల్లేదు. పరుగెత్తుకుంటూ వచ్చింది. టీ గ్లాసుతో వేళ్ళు కాచుకునే టైము లేదు.

మొదటి కాలం బాగానే వాయించింది. రెండోదీ బాగానే వాయించింది. మూడో కాలంలో సరిగ్గా చిట్టస్వరం దగ్గరికొచ్చి ఆగిపోయింది. వేళ్ళు తీగల మీదే ఉన్నాయి, కదలడం లేదు. ఎగ్జామినరు పెన్సిలు చేతిలోకి తీసుకున్నారు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. నాకు డిసెంబరు అయిదో తారీఖు కళ్ళముందు కనబడింది.

అప్పుడు వినబడింది. గపదస దపగరి. సన్నగా, బొంగురుగా, సగం వేగంలో, శ్రుతి మాత్రం తప్పకుండా. ప్రిన్సిపాల్ గారు. తను పాడుతున్నట్టు ఆయనకే తెలియదు, కిటికీలోంచి బయటకు చూస్తున్నారు.

ఎగ్జామినరు తలెత్తారు. “ఎవరది? ఎవరు అందిస్తున్నారు?”

పరీక్షలో అందిస్తే మాల్‌ప్రాక్టీసు. దాని మీద రిపోర్టు రాయాల్సింది చీఫ్ సూపరింటెండెంటు, అంటే ప్రిన్సిపాల్ గారే. ఆయన నోరు తెరుచుకునే ఉండిపోయింది.

“డోర్‌మ్యాట్ మేడం,” అన్నాను.

ఆవిడ నావైపు, తర్వాత గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో గంగరాజు నీళ్ళ గ్లాసులతో నిలబడి ఉన్నాడు. మనవాడిది మెరుపు బుర్ర. ఎడమకాలు ఒకటి ముందుకేసి తొక్కాడు. పట్టా స్పీకరులోంచి దేవసహాయం మాస్టారి గొంతు వచ్చింది. గపదస దపగరి.

“ఏం కాలేజీ అయ్యా ఇది!” అన్నారు ఎగ్జామినరు. “ముందు ఆ పట్టా ఆపండి. అమ్మా, నువ్వు చిట్టస్వరం మళ్ళీ మొదటినుంచి అందుకో.”

సూర్యకళ చేతులు రెండూ ఒకసారి చంకల్లో పెట్టుకుని వెచ్చబరచుకుంది. తర్వాత అందుకుంది. మూడో కాలంలో, ఒక్క స్వరం జారకుండా, చివరిదాకా వాయించింది. ఎగ్జామినరు పెన్సిలు కింద పెట్టి తొడ మీద తాళం వేశారు.

డిసెంబరు మూడున సర్టిఫికెట్ నేనే టైపు చేసి, నేనే సీలు వేసి, నేనే బస్టాండులో ఆమె చేతికిచ్చాను. “వెళ్ళొత్తానండీ సార్,” అని వంగి నా కాళ్ళకు దండం పెట్టబోతే వద్దన్నాను. ఆ పిల్ల మా కాలేజీలో వంగింది చాలు.

గజ్జెలను కూడా ఏదో ఒక పేజీలోకి మార్చమని శ్యామలాంబ గారు బతిమాలుతున్నారు. పాదరక్షల పేజీ ఖాళీగానే ఉంది. కానీ అక్కడికి మారిస్తే వాటిని గది బయటే విడవాలి. ఆలోచిస్తున్నాను.

పెడల్ మాత్రం గుమ్మంలోనే ఉంది. పోయిన గురువారం సాయంత్రం అయిదింటికి నేను నా టేబుల్ దగ్గరే ఉన్నాను. ప్రిన్సిపాల్ గారు గదిలోంచి బయటికొచ్చి కారిడార్ అటూ ఇటూ చూశారు. బీరువా చాటున ఉన్న నేను కనబడలేదు. కుడికాలి చెప్పు విడిచి, బొటనవేలితో మీట తొక్కారు. చిట్టస్వరం మొదలైంది. కళ్ళు మూసుకుని దాంతోపాటు పాడారు, ఒకటి కాదు, పదకొండుసార్లు. పన్నెండోసారికి కళ్ళు తెరిచి, మీట తొక్కి ఆపారు. ఆపాక గబుక్కున వంగి, డోర్‌మ్యాట్‌ను కుడిచేత్తో తాకి కళ్ళకద్దుకున్నారు.

నేను క్షమాపణల రిజిస్టరు తీశాను. తేదీ వేశాను. కాలు, కుడి. క్షమాపణ, తృప్తికరం.